మా మామ తోటలో నా శబ్దకవిత్వం

పాట పాడి పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను పాటా మాటా కాని అరుపులతో మా మామ చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, ఏకంగా బోరు వేయించాను. చెబుతాను, నవ్వండి గానీ మరీ తిట్టకండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బెంగళూరులో పది రోజులు శబ్దకవిత్వం నేర్చుకుని మా ఊరు ప్రొద్దుటూరులో బస్సు దిగాను. శబ్దకవిత్వమంటే, అర్థం లేని భాషను మనమే పుట్టించి, ఒళ్లంతా ఊపుతూ పలకడం. మా గురువు ఒక్కటే చెప్పాడు: "మొదలుపెట్టాక కొంప మునిగినా ఆపకూడదు."

పులివెందుల దగ్గర మా మేనమామ ఊళ్లో పెద్దమ్మ జాతర. సాయంత్రం స్టేజీ మీద నాకు పది నిమిషాలిచ్చారు.

"ఝుర్రుంబా! గ్లిగ్లి తొరోం!" అంటూ కళ్లు తేలేసి, మోకాళ్ల మీద పడి నేలను చరిచాను. జనం ఒక్కొక్కరే లేచి స్టేజీ దగ్గరకొచ్చారు. కళంటే ఇదీ అని నేను పొంగిపోతుంటే ఒక అవ్వ కేక పెట్టింది.

"అమ్మోరు వచ్చినాదిరో! కర్పూరం తేండి!"

నెత్తిన బిందెడు పసుపునీళ్లు పడ్డాయి. నోట్లో వేపాకు కుక్కారు. గురువు మాట ఉందిగా, నేను ఆపలేదు. అంతలో మామ చేతులు జోడించి ముందుకొచ్చాడు. పాపం, తోట ఎండిపోతోంది, వేసిన రెండు బోర్లూ వట్టివే.

"తల్లీ, మూడోది యాడ వేయాల?"

నా కవిత చివర కుడిచెయ్యి బారుగా చాపడం ఉంది. చాపాను. వేలు సరిగ్గా తోట తూర్పు గట్టుకేసి చూపిందట.

మర్నాడు పొద్దున్నే బోరు లారీ వచ్చింది. పరుగెత్తాను.

"మామా, అది పూనకం కాదు, కవిత్వం! నేనే రాసుకున్నా!"

"నువ్వు గమ్మునుండ్రా. నీకేం తెల్సు? నిన్న నువ్వు తెలివిలో ల్యావు."

"తెలివిలోనే ఉన్నా మామా!"

"తెలివిలో ఉన్నోడు ఎవడన్నా అట్ల అరుస్తాడా?"

నేను ఇంకా వాదిస్తుండగానే బోరు గిర్రున తిరగడం మొదలైంది.

సాయంత్రం దాకా దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. మామ మీసాలు తెల్లబడిపోయాయి. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. కాళ్ల మీద పడబోతే లేపి, భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వెందుకు ఏడుస్తాండావురా? అమ్మ సరింగానే చూపిచ్చినాది. లారీ తిరగదని నేనే పదడుగులు పక్కకు వేయించినా. వచ్చే జాతరకు నువ్వు మళ్లీ రా. ఈసారి నీ వేలికి దారం కట్టి తోట దాకా లాగుతా!"

మూడు వట్టి బోర్ల సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ స్టేజీ ఎక్కినా, ఏ భాషలో అరిచినా, నా రెండు చేతులూ జేబుల్లోనే ఉంటాయి.