తాసిల్దారు ఏరు దాటిన వైనం

ఆ రోజుల్లో కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెలకు ఎద్దులబండి, జట్కా తప్ప వేరే దిక్కు లేదు. కర్నూలులో ఇంటర్ తప్పి, మా మేనమామ ఇంట్లో ఊరికే తిని కూర్చున్న నాకు మాత్రం లోకంలో ప్రతిదానికీ ఒక ఉపాయం తెలుసని గట్టి నమ్మకం. (పరీక్ష హాల్లో అది ఎందుకు అక్కరకు రాలేదో నేటికీ అంతుబట్టదు.)

మామ బాడుగకు తిప్పడానికి ఒక జట్కా, దానికొక ఎర్రగుర్రం కొన్నాడు. గుర్రం బలమైనదే. అయితే సంతకు పోవాలంటే కుందేరు దాటాలి. రేవులో నీళ్లు మోకాలి లోతే అయినా, అది గట్టు మీదే బిగుసుకుపోయేది. ఎవరెంత మొత్తుకున్నా కదలదని మామ దానికి తాసిల్దారు అని పేరు పెట్టాడు. చర్నాకోల విరిగింది గాని తాసిల్దారు కదల్లేదు.

“పై బేస్తవారం సంతకు ఏరు దాటకపోతే నాపరాళ్ల గనివాళ్లకు అమ్మేస్తా” అన్నాడు మామ. గనిలో రాళ్లు లాగే గుర్రాల వీపులు నేను చూసినవాణ్ణి.

“కొట్టొద్దు మామా. మంచితనంతో నేను దారికి తెస్తా” అన్నాను.

నా మంచితనమంతా జేబులో బెల్లమే. అది నిలబడగానే ఒక ముక్క పెట్టి, మెడ నిమిరేవాణ్ణి. నాలుగడుగులు వేసేది. నాకు గర్వంతో ఒళ్లు తెలిసేది కాదు. మూడో రోజుకల్లా అది రచ్చకట్ట దగ్గర ఆగింది, చర్చి దగ్గర ఆగింది, చివరికి ఇంటి వాకిట్లోనే ఆగి నా జేబు వైపు మెడ తిప్పింది.

“ఏమప్పా అల్లుడా, ముందు ఏటికాడ ఒకతూరే నిలబడేది. నీ చదువు శానా బాగా ఎక్కినట్టుండాది దానికి” అన్నాడు మామ.

అన్నం తినకుండా అలిగి పడుకున్నాను. మా అవ్వ మజ్జిగ చెంబుతో వచ్చి పక్కన కూర్చుంది. “నాయనా, నువ్వేం నేర్పినావో నాకు తెలీదు గాని, అది నీకు బాగా నేర్పింది. అది నిలబడితే నువ్వు బెల్లం తీస్తాండావు” అంది.

ఆ మాట రాత్రంతా నన్ను కుట్టింది. మర్నాడు బండి కట్టకుండా గుర్రాన్ని రేవుకు నడిపించుకుపోయాను. అది ఆగితే నేనూ ఆగాను, బెల్లం తియ్యలేదు. అప్పుడే మొదటిసారి దాని ముఖం కేసి శ్రద్ధగా చూశాను. నీళ్ల మీద ఎండ తళుక్కుమన్నప్పుడల్లా దాని చెవులు వెనక్కి వాలుతున్నాయి. పాపం, అది మొండితనం కాదు, భయం. నీళ్లలో ఏమీ లేదని చూపిద్దామని నేనే ముందు దిగాను. పాచిరాయి మీద కాలు జారి, వెల్లకిలా పడ్డాను.

లేచేలోగా వెచ్చటి ఊపిరి నా మెడకు తగిలింది. తాసిల్దారు నీళ్లలో నిలబడి, తడిసి కారిపోతున్న నా బెల్లం జేబును వాసన చూస్తోంది. ఆ క్షణాన, ఇంకా నీళ్లలోనే కూర్చుని, మిగిలిన ముద్దంతా దాని నోటికి అందించాను.

బేస్తవారం నాడు అది జట్కాతో ఏరు దాటింది, నేను పంచె ఎగగట్టి ముందు నడిస్తేనే. “అమ్మను లే. కానీ ప్రతి సంతకూ నువ్వు రావాల” అన్నాడు మామ. బండిలోని ఆడవాళ్లు నవ్వుతూ దాటేవారు, నేను తడుస్తూ దాటేవాణ్ణి. వానలు మొదలయ్యేసరికి అది నా అవసరం లేకుండానే దిగడం నేర్చుకుంది. ఆ రోజు గట్టు మీద ఒంటరిగా మిగిలిపోయి, ఎందుకో కాస్త చిన్నబుచ్చుకున్నాను.

తర్వాత మామ కూతురినే చేసుకున్నాను. అలిగి భోజనానికి లేవకపోవడం ఈ వయసులోనూ నన్ను వదల్లేదు. ఆమె బతిమాలదు, తాయిలాలు తేదు. విస్తరి వేసి, దూరంగా కూర్చుని, నా చెవుల వైపు చూస్తూ ఉంటుంది. కాసేపటికి నేనే లేస్తాను. అప్పుడు వడ్డిస్తుంది, నెయ్యి కాస్త ఎక్కువగానే.