మామకు చదవని వరుస

మా పక్కింటి మామ పోయి పన్నెండు రోజులైంది. మధ్యాహ్నం అన్నం తిని చాప మీద పడుకున్నవాడు సాయంత్రం టీకి లేవలేదు. ఫోన్ వచ్చినప్పుడు నేను ఆదోని మార్కెట్ యార్డులో ఖాళీ షెడ్డు కింద కూర్చుని ఉన్నాను. ఎండాకాలం కదా, పత్తి బండ్లు రావు. ఏడుపు కంటే ముందు నాకు భయం పుట్టింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

మామ నాకు చుట్టమేమీ కాదు. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఆదోని వచ్చి అద్దెకు దిగితే, పక్కింటాయన మామ అయ్యాడు. జిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు ఫిట్టరు. పుట్టింది మాత్రం సముద్రం ఒడ్డున. అత్తది ఇక్కడికి దగ్గరే, ఆస్పరి. ఈడికెట్ల వచ్చినావు మామా అంటే, "మీ అత్త వల వేసింది, పడ్డాను" అనేవాడు. అత్త లోపల్నుంచి తిట్టేది.

పొద్దున లేవగానే మిల్లు వైపు నుంచి దూది పింజలు ఎటు ఎగురుతున్నాయో చూసి, ఈరోజు గాలి పడమర, ఈరోజు దక్షిణం అని వీధికంతా వినపడేలా చెప్పడం ఆయన అలవాటు. మాలో ఒక్కరికీ దానితో పని లేదు. ఆదోనిలో అమ్మే చేప ఎంత బతిమాలినా ముట్టేవాడు కాదు. ఐసులో పడుకున్నదాన్ని లేపి తినడం పాపమట.

సీజను అయిపోయి మిల్లు మూతపడగానే సంచి సర్దుకుని సముద్రం ఒడ్డునున్న తమ్ముడి దగ్గరికి పోయేవాడు. మేమంతా నీడ కోసం గోడలు పట్టుకుని నడిచే రోజుల్లో ఈయన చేపలవేటకు పోవడమేమిటని వీధి నవ్వేది. ఆ రెండు నెలలు మరబోట్లకు వేట నిషేధం. తెడ్డు వేసే తెప్పకు అడ్డు లేదు. అందుకని ఒడ్డు పక్క నీళ్లన్నీ తమవేనని ఆయన మురిపెం.

"తెల్లారకముందు పడమటి గాలి తెప్పను లోపలికి తోస్తుందప్పా. పది దాటితే దక్షిణం గాలి లేస్తుంది, దాన్ని పట్టుకుని ఇంటికి రావాల. ఎండ ముదిరితే పైనీళ్లు కాగుతాయి, చేప అడుక్కు దిగుతుంది. అప్పుడు వల వేసినోడు పిచ్చోడు" అని నాకు పాఠం చెప్పేవాడు. అమావాస్యకు పోటు ఎక్కువట, అష్టమికి నీళ్లు కాస్త నిలబడతాయట. నాకు తెలిసిన నీళ్లు కాలువ, చెరువు. తల ఊపేవాణ్ణి.

మామది బటన్ల ఫోను. అందుకని అక్కడికి పోయినాక ప్రతి సాయంత్రం నాకు ఫోన్ చేసేవాడు. జాలర్ల కోసం వచ్చే సముద్ర సమాచారం నా ఫోన్లో చూసి, మరుసటి రోజు ఎట్లా ఉంటుందో చదివి వినిపించాలి. గాలి, పోటు, అల. అంతా విని చివర్లో తప్పకుండా, "కింద ఇంకేమన్నా ఉందా?" అని అడిగేవాడు.

నాలుగేళ్ల కిందట ఒక అష్టమి ముందురోజు ఆ సమాచారం కింద ఒక వరుస ఉంది. ఎక్కడో దూరపు సముద్రంలో పుట్టిన పెద్ద అలలు పొద్దున ఒడ్డుకు చేరవచ్చు, చిన్న పడవలు దించవద్దు అని. పైన చూస్తే గాలి దాదాపు లేదని ఉంది. గాలే లేనప్పుడు అల ఎట్లా లేస్తుంది? చెరువులో ఎప్పుడైనా లేచిందా? ఊరికే భయపెట్టడానికి రాసి ఉంటారనుకున్నాను. వారం నుంచి ఆ అష్టమి కోసం కాచుకున్న మనిషిని ఎందుకు ఆపాలి?

"ఏం లేదు మామా, చెరువు మాదిరి ఉంటుంది" అన్నాను.

తెల్లవారుజామున తెప్ప దించుతుంటే అల లేచింది. తెప్ప దుంగలు కట్టు తెగి విడిపోయాయి. ఒక దుంగ మామ మోకాలికి తగిలింది. తమ్ముడు ఎట్లాగో ఒడ్డుకు లాగాడు.

కర్ర పట్టుకుని ఆదోనిలో దిగిన మామను చూడ్డానికి వీధంతా వచ్చింది. నేను వెనకాల నిలబడ్డాను. ఆయన నా వైపు కూడా చూసి అన్నాడు: "తప్పు నాదే. ముప్పై ఏండ్లు దూది దుమ్ములో బతికినోడికి నీళ్లు గుర్తుంటాయా? కండ్ల ముందరే అల లేస్తాంటే కనిపెట్టలేకపోయినా."

ఆ వరుస సంగతి ఒడ్డున ఎవరో ఆయనకు చెప్పే ఉంటారని, నన్ను కాపాడ్డానికే అలా అన్నాడని అనుకున్నాను. మనసులో దండం పెట్టుకుని, నోరు మూసుకున్నాను. ఆ తర్వాత మామ సముద్రానికి పోలేదు. ఎండాకాలం రాగానే తమ్ముడు పిలిచేవాడు, మోకాలు బాగాలేదని ఈయన చెప్పేవాడు. రోజూ స్టేషన్ దాకా నడిచి వచ్చే మనిషికి మోకాలు బాగాలేదంటే నేనెట్లా నమ్మానో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు. నమ్మడం నాకు అనుకూలంగా ఉండింది, అంతే.

నిన్న, కర్మ అయిన మర్నాడు, అత్తకు అంతా చెప్పేశాను.

"ఈ మాట ఆయప్పకు సెప్పింటే ఏమప్పా?" అంది. "మోకాలు ఆ సంవత్సరమే బాగైపాయ. నాకు సముద్రం మరుపొచ్చింది, నేను తెప్పెక్కితే తమ్మున్ని గూడా సంపుతా అని లోపల్లోపలే కుమిలినాడు. ఫోన్ల రాసుండె మామా, నేనే సదవల్యా అని ఒక్క మాట సెప్పింటే, నవ్వి, నిన్ను నాలుగు తిట్టి, మల్లా పోయిండేటోడు."

నన్ను మాత్రం తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

లేచి మంచం కింది ఇనుప పెట్టె బయటికి లాగింది. లోపల నాలుగు వలలు. ఏటా చలికాలానికి ఒకటి చొప్పున అల్లాడట. ఎవరికని అడిగితే, ఉండనీ అనేవాడట. మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి, చేతులు ఊరుకోవు, ముడులు తడిమి చూశాను. ఒక్కటీ తప్పలేదు. అంచుకు సీసం గుండ్లు కూడా కట్టి ఉన్నాయి.

అత్త ఒక వల తీసి వాకిట్లో దులిపి పరిచింది. దాంట్లోంచి ఒక్క ఇసుక రేణువు రాలలేదు.