నాలుగు నెలల పది రోజుల పుస్తకాలు

హంతకుడు డాక్టరేనని మ్వానహేరి ముప్పయ్యో పేజీలోనే తేల్చేసింది. మంచు కురిసే దేశంలో ఒక పెద్ద బంగళా, అందులో చచ్చిపోయిన ఒక డబ్బున్న ముసలాయన, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసే ఒక పోలీసు అధికారి. కథంతా ఇదే.

"చావింట్లో అందరూ టీ తాగారు, ఆ డాక్టరు ఒక్కడే వద్దన్నాడు. చావింటికొచ్చి టీ కూడా ముట్టకుండా లేచాడంటే వాడికేదో తొందరుందన్నమాటే" అంది.

పుస్తకం తెచ్చిచ్చిన పక్కింటి తిమా ఆగలేక చివరి పేజీ తిప్పి చూసింది. "నీ దుంపతెగ! నిజమే వదినా. నాకు చెప్పకపోతే నీ సొమ్మేం పోయింది? నేనింకా చదవందే!"

"చదువు. మంచు బాగా రాశాడు. వంటవాళ్ళ గురించి మాత్రం వాడికి ఒక్క ముక్క తెలీదు."

మ్వానహేరి అభిప్రాయాలన్నీ ఇలాగే ఉంటాయి. చేపల రేవులో చేప మొప్ప ఎత్తి చూసి ధర చెప్పే ఆడవాళ్ళు ఉంటారే, ఆమె పుస్తకాన్ని అలా చూస్తుంది. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. కెన్యా తీరంలోని లాము ఊళ్ళో బాలికల బడి పక్కనున్న పఠనాలయంలో ఆరేళ్ళుగా ఊడ్చి, బీరువాలు దులిపే పని. దులిపిన పుస్తకాన్ని తెరవకుండా మళ్ళీ లోపల పెట్టడం ఆమె వల్ల కాలేదు. అలా పుస్తకాల జబ్బు పట్టుకుంది. కొన్నాళ్ళకి బడిపిల్లలు లైబ్రేరియన్‌ను వదిలేసి చీపురు పట్టుకున్న ఆమె దగ్గరికే వచ్చి ఏది తీసుకోమంటావని అడగడం మొదలుపెట్టారు. ఆ కుర్చీని ఆమె ఆరేళ్ళు తుడిచింది. ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు.

ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ అయింది. లైబ్రేరియన్ మొంబాసాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. సరిగ్గా అప్పుడే మ్వానహేరి ఇంట్లో చిక్కుకుపోయింది.

భర్త అథ్మానీ పడవల వడ్రంగి. రంజాన్‌కి రెండు నెలల ముందు, రజబ్ నెల మొదటి రోజున, సగం చెక్కిన దూలం పక్కనే గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. ఆ రోజు నుంచి ఆమెకు ఇద్దత్. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. ఒంటి మీద తెల్లబట్టే. అత్తరు లేదు, గాజులు లేవు, జడలో మల్లెలు లేవు, పరాయి మగవాడి కంట పడడం లేదు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి కోసం ఆమాత్రం చేయలేనా అనుకుంది. నిజంగానే అనుకుంది. మొదటి నెల ఏడుపుతో గడిచిపోయింది. రెండో నెలకి గోడలు కనిపించడం మొదలైంది.

పగడపు రాయితో కట్టిన పాత ఇల్లు. గోడలు మూరెడు మందం. సందులో గాడిద నడిచిన చప్పుడు, పిల్లల అరుపులు, రేవు నుంచి వచ్చే పడవ హారన్, అన్నీ వినిపిస్తాయి, ఏదీ కనిపించదు. పక్కింటి తిమా బట్టలు కుట్టే మనిషి. ఆమె వారానికో పుస్తకం పఠనాలయం నుంచి తెచ్చి ఇవ్వకపోయి ఉంటే మ్వానహేరికి పిచ్చెక్కేది.

షెకూవె మాస్టారు పఠనాలయ కమిటీ పెద్ద. ఆయన ఒక మంచి పని చేశాడు. ఆ ఉద్యోగానికి వచ్చేవాళ్ళు స్వయంగా కమిటీ ముందుకొచ్చి, ఈ మధ్య చదివిన పుస్తకాల గురించి నోటితో చెప్పాలని నియమం పెట్టాడు. సర్టిఫికెట్లు ఎవరి దగ్గరైనా ఉంటాయి, మ్వానహేరి దగ్గర నోరుంది. అది ఆమె కోసం పెట్టిన నియమమేనని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె బయటికొచ్చే రోజేదో కనుక్కొని రమ్మని తిమాతో కబురు కూడా పంపాడు.

తిమా వచ్చి అడిగిన సమయానికి మ్వానహేరి ఒక లావుపాటి పుస్తకంలో మునిగి ఉంది. మనుషులు ఓడెక్కి వేరే నక్షత్రానికి బయల్దేరతారు. ప్రయాణం రెండొందల ఏళ్ళు. ఓడలో పుట్టినవాళ్ళు ఓడలోనే పోతారు.

"నాలుగొందల పేజీల్లో ఒక్కడు పొయ్యి వెలిగిస్తే ఒట్టు" అంటూనే ఆమె ఒక పేజీ దగ్గర ఆగింది. ఓడలో పుట్టిన పిల్ల తల్లిని అడుగుతుంది, బయట అంటే ఏంటమ్మా అని. ఆ పేజీని మ్వానహేరి మూడుసార్లు చదివింది.

"వదినా, నిన్నే. ఎప్పుడైపోతుంది అంటున్నారు మాస్టారు."

"నువ్వే లెక్కేసి చెప్పు తల్లీ, నన్ను వదిలెయ్."

తిమా తన ఇంటి గోడ మీది క్యాలెండరు చూసి లెక్కేసింది. బుధవారం సూర్యాస్తమయంతో సరి అని చెప్పింది. మాస్టారు గురువారం పొద్దున్నే కమిటీ పెట్టాడు. జిల్లా నుంచి అధికారిణి పడవలో వస్తుంది, మధ్యాహ్నం పడవకి తిరిగి వెళ్ళిపోతుంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ రోజు ఇద్దరికీ తట్టలేదు. ఆ ఊళ్ళో చంద్రుళ్ళు ఇద్దరు. రేడియోలో చెప్పే చంద్రుణ్ణి నమ్మేవాళ్ళు ఒక పక్క, తమ రేవులో నిలబడి తమ కళ్ళతో చూస్తే తప్ప నమ్మనివాళ్ళు ఇంకో పక్క. ఆ ఏడు రంజాన్ పండుగ ముందు సాయంత్రం రేవు మీద మబ్బు పట్టింది. మర్నాడు తిమా ఇంట్లో వాళ్ళు పండుగ చేసుకుని సేమ్యా తింటుంటే, మ్వానహేరి ఇంట్లో ఇంకా ఉపవాసమే. ఇద్దత్ నెలలకీ చంద్రుడే లెక్క, పండుగ దగ్గర పడ్డ ఆ ఒక్క రోజు తేడా చివరిదాకా వెంట వచ్చింది. అథ్మానీ ఇంటివాళ్ళది తరతరాలుగా రేవు చంద్రుడు.

ఇక అత్తగారు. పేరు బీ మైమునా. డెబ్బై దాటిన మనిషి, ఒక కంటికి శుక్లం. పుస్తకాలంటే గిట్టదు. గిట్టకపోయినా కోడలు పైకి చదువుతుంటే జపమాల తిప్పుతూ అక్కడే కూర్చునేది. చెవి మాత్రం ఇటే ఉండేది. ఒక ప్రేమకథలో నాయిక ప్రియుడి కోసం ఏడేళ్ళు ఎదురుచూస్తుంది.

"తలుపు తీసుకుని పోక ఏడేళ్ళు ఏం చేసిందో ఈ మహాతల్లి. కాళ్ళు లేవా?" అని మ్వానహేరి విసుక్కుంది.

"మీ మామగారు పడవెక్కి పోతే నేను నాలుగేళ్ళు చూశాను. నా మీద ఎవడూ పుస్తకం రాయలేదే?" అంది ముసలమ్మ.

"నువ్వు ఆ నాలుగేళ్ళూ ఊరందరితో పోట్లాడావట కదత్తా. ఈవిడ ఏడుస్తూ కూర్చుంది. అదే నాకు నచ్చనిది."

నలభై రోజుల్లో ధనవంతులు కావడం ఎలా అని ఒక పుస్తకం. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలట. "మన సందులో నమాజుకి అందరం ఆ వేళకే లేస్తాం. ఏడి, ఒక్క ధనవంతుణ్ణి చూపించు" అని మ్వానహేరి దాన్ని మూసేసింది. ఆ మాటకి ముసలమ్మ పళ్ళు లేని నోరు మూసుకుని భుజాలు కదిలేలా నవ్వింది. కొడుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఒక మంత్రిగారి ఆత్మకథలో భార్య రెండుచోట్లే కనిపించింది, పెళ్ళిలో ఒకసారి, ఫొటో కింద ఒకసారి. "ఆవిడే ఇదంతా రాసిపెట్టి ఉంటుంది, పాపం, సిగ్గుపడి తన పేరు తీసేసింది" అని తీర్పు. ఒక కవితల పుస్తకం మాత్రం ఏ తీర్పూ లేకుండా దిండు కింద ఉండిపోయింది. ఎలా ఉందని తిమా అడిగితే, బాగుందో బాగోలేదో తెలియదు, చదివినప్పుడల్లా ఆయన గుర్తొస్తున్నాడు అని చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం కొబ్బరి తురుముతూ మ్వానహేరి మాట కదిపింది.

"రేపు పొద్దున పఠనాలయానికి పోయొస్తానత్తా. ఇవాళ్టితో అయిపోతుంది కదా."

"ఎవరి చంద్రుడి లెక్కన?"

తురిమే చెయ్యి ఆగిపోయింది. అప్పుడు తట్టింది ఆమెకు. గురువారం కమిటీ. గురువారం సూర్యుడు కుంగితే గాని ఈ ఇంటి లెక్కన గడువు తీరదు. ఇరవై రెండేళ్ళు ఏ చంద్రుణ్ణి చూసి ఉపవాసం విప్పిందో ఆ చంద్రుణ్ణే మరిచిపోయింది.

సంగతి తెలిసి తిమా పరుగెత్తుకొచ్చింది. "అవసరమైతే పగటిపూట వెళ్ళొచ్చని మా మసీదు ఇమాం చెప్పాడు పిన్నీ. పని కోసమే కదా వెళ్ళేది!"

"పుస్తకాల గురించి కబుర్లు చెప్పడం అవసరమా? మీ ఇమాంకి చెప్పు, మా ఇంటి సంగతి మేం చూసుకుంటామని."

తిమా అక్కణ్ణించి మాస్టారి దగ్గరికి పోయింది. ఆయన తల పట్టుకున్నాడు. అధికారిణి మళ్ళీ వచ్చేది వచ్చే ఏడాదేనట. స్వయంగా రావాలన్న నియమం తనే పెట్టాడు, ఆమె మేలు కోరి పెట్టాడు. ఇప్పుడు దాన్ని తనే ఎలా ఎత్తేస్తాడు?

మ్వానహేరి ఆ రాత్రంతా ఆలోచించి, వెళ్ళాలనే నిర్ణయించుకుంది. తప్పు చేస్తున్నానన్న భయం ఏమీ కలగలేదు. పుట్టింటివాళ్ళది రేడియో చంద్రుడే. అల్లాకి లెక్కలు తెలియవా? అత్త తిడుతుంది, తిట్టనీ. నాలుగు నెలలుగా ఊపిరాడక చస్తున్నాను, ఇక నా వల్ల కాదు అని గట్టిగానే అనుకుంది.

పొద్దున బురఖా వేసుకుని, తన అభిప్రాయాలు రాసుకున్న నోటుపుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. చెక్కుడు పని చేసిన పెద్ద తలుపుకి అడ్డంగా, గడప మీద బీ మైమునా కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చి కూర్చుందో.

"లే అత్తా. దారివ్వు. ఎన్ని తిట్టినా సరే, నేను వెళ్తాను."

ముసలమ్మ తిట్టలేదు. తల ఎత్తి చూడను కూడా లేదు.

"చంద్రుడి మాట అటుంచు. నాకీ కళ్ళతో చంద్రుడు కనబడి పదేళ్ళయింది" అంది. "నువ్వు తెల్లబట్టలో ఉన్నంతకాలం ఈ ఇంట్లో వాడి కోసం ఏదో జరుగుతోంది. వంట చేస్తున్నా, చదువుతున్నా, వాడి కోసమే కూర్చున్నావు. నువ్వు ఈ గడప దాటావంటే ఇక అయిపోయినట్టే. వాడికింకేం లేదు. ఈ ఒక్క రోజు నాకివ్వవే పిల్లా. సాయంత్రం దాకా. అంతే."

తిట్టి ఉంటే మ్వానహేరి ఆమెను దాటి వెళ్ళిపోయేది. చెయ్యి పట్టి లాగి ఉన్నా వెళ్ళిపోయేది. ఆ ముసలి వీపు మీంచి కాలెత్తి అడుగేయడం మాత్రం ఆమెకు చేతకాలేదు. "ఆయన నాకు మాత్రం పోలేదా అత్తా?" అని అరిచింది. తర్వాత చాలాసేపు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తిమా తలుపు సందులోంచి చెయ్యి చాపితే నోటుపుస్తకం ఇచ్చి పంపింది.

మధ్యాహ్నం పడవ హారన్ వినబడ్డాక తిమా తిరిగొచ్చింది. ముఖం చూస్తేనే అర్థమైంది.

"మాస్టారు నీ పుస్తకం పైకి చదివారు వదినా. ఆ మంత్రిగారి పెళ్ళాం ముక్కకి అధికారిణమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఈవిణ్ణి చూడాలని ఉంది అంది. కానీ మనిషి లేకుండా ఉద్యోగం ఎలా రాయమంటారు అంది. మాలిందిలో కంప్యూటరు కోర్సు చేసినాయనకి ఇచ్చారు."

"ఆయన ఏం పుస్తకాలు చెప్పాడు?"

"పరీక్ష గైడ్లు. మూడు." తిమా కళ్ళు తుడుచుకుంది. "ఏ పుస్తకం ఎవరికివ్వాలో నిన్నడిగి చేస్తాడట. ఊడ్చే పని నీదే ఉంటుందని మాస్టారు చెప్పమన్నారు."

మ్వానహేరి లోపలికి పోయి చేపలు కడిగింది. అన్నం వండింది. బీ మైమునా మాటలన్నీ విన్నది. పొద్దున తను అడిగిన రోజు ఖరీదెంతో ఆమెకి అప్పుడే తెలిసింది. ఉద్యోగం అంటే ఇవాళ కాకపోతే రేపు పోయి అడుక్కునేదే కదా అనుకుందట. ఆ పూట ముద్ద ముట్టలేదు.

సూర్యుడు కుంగాడు. మగ్రిబ్ నమాజు పిలుపు ఒక మసీదు నుంచి, దాని వెనకే ఇంకో మసీదు నుంచి వినిపించింది. నమాజయ్యాక ముసలమ్మ తనే నీళ్ళు తోడింది. కోడలి తలంటి పోసింది. తెల్లబట్ట తీయించి, పెట్టె అడుగున దాచిన ఎర్రంచు కంగా బట్టలు కట్టబెట్టింది. ముంజేతికి అత్తరు రాసింది. తర్వాత గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, రెండు చేతులతో తోసి తలుపు రెక్కలు రెండూ బార్లా తీసింది.

"వెళ్ళమ్మా. ఇక నిన్ను ఆపేవాళ్ళు లేరు."

సందులో దీపాలు వెలుగుతున్నాయి. రేవు గాలి నేరుగా ముఖానికి తగిలింది. మ్వానహేరి గడప దాకా వచ్చి నిలబడింది.

"ఎక్కడికి అత్తా?" అంది.