కొత్తకోటలో సముద్రపు కోటు

కొత్తకోట దాటాక బెంగళూరు వైపు పోయే లారీలు టీ కోసం ఆగే చోట గ్రేస్ షాపు ఉంది. షాపంటే ఒక షట్టరు, దాని ముందు రేకుల పందిరి. లారీల మీద కప్పే కాన్వాసు పరదాలు కుట్టడం ఆమె తండ్రి దగ్గర నేర్చుకున్న పని. దబ్బణం పట్టి పట్టి కుడి అరచేయి కాయ కాసింది. ఆమె కుట్టిన పరదా కింద పత్తి తడిసిందని చెప్పే డ్రైవరు ఆ రోడ్డు మీద దొరకడు.

అసలు డ్రైవర్లే రావడం మానేశారు. రెడీమేడ్ ప్లాస్టిక్ పరదాలు వచ్చాక, చిరిగితే పారేసి ఇంకోటి కొనుక్కుంటున్నారు. ఆ ఎండాకాలానికి గ్రేస్ దగ్గర పనిలో మిగిలింది మైసమ్మ ఒక్కతే. వానల్లోపు పని దొరక్కపోతే షట్టరు ఓనరుకు అప్పజెప్పి, ఇద్దరూ విత్తనాల గోదాములో కూలికి పోవాలని అనుకున్నారు.

అప్పుడు సుచరిత వచ్చింది. వనపర్తి అమ్మాయి. హైదరాబాద్‌లో ఉంటూ నాటకాలకు పాతకాలపు బట్టలు కుట్టించి ఇస్తుంది. ఇంగ్లండ్‌లో కొందరు ఏటా సముద్రం ఒడ్డున కలిసి, మూడు వందల ఏళ్ల కిందటి ఓడదొంగల వేషాలు కట్టి, ఆ కాలంలో లాగే వండుకుని, ఉత్తుత్తి యుద్ధాలు చేస్తారని చెప్పింది. వాళ్లకు వానకోట్లు కావాలి. జిప్పు, మిషను కుట్టు, నైలాను దారం పనికిరావు. ఆ కాలంలో లేనిదేదీ కోటు మీద ఉండకూడదు. కాన్వాసు గుడ్డ, నార దారం, చేతికుట్టు, పైన నూనె పూత. అప్పటి నావికులు కట్టుకున్నదే అది.

"దొంగలకా మనం కుట్టేది?" అంది మైసమ్మ.

"దొంగలు గాదే, దొంగల ఏషం కట్టేటోల్లు. ఆఫీసుల్ల పనిజేస్తరంట," అంది గ్రేస్.

"మరి గొడుగు పట్టుకుంటే అయిపాయె గద!"

వాళ్లు పెట్టిన గడువులోపు నమూనాగా ఒక కోటు పంపితే, అది నచ్చితే ఏటా పని ఉంటుందంది సుచరిత. షట్టరు నిలబడేదీ మూతపడేదీ ఆ ఒక్క కోటు మీద ఆధారపడింది.

గ్రేస్ ఆ కోటును కూడా లారీలాగే చూసింది. పరదా అతుకులో పై గుడ్డ కింది గుడ్డ మీదికి వాలాలి. అప్పుడే నీరు కుట్టులోకి దిగకుండా జారిపోతుంది. భుజాల అతుకులన్నీ అలాగే వీపు వైపు వాల్చి, మడత మీద మడత వేసి, మైనం పట్టించిన దారంతో కుట్టింది. అవిసె నూనెలో దీపం మసి కలిపి పూసి దండెం మీద ఆరేసింది. జిగురు పోయాక మళ్లీ పూసింది. పాలమూరు ఎండ ఈ ఒక్క పనికి కలిసొచ్చింది.

పరీక్షకు వాన కావాలి. మబ్బు జాడ లేదు. గ్రేస్ భర్త బెంజమిన్ కోటు తొడుక్కుని, పక్కనే లారీలు కడిగే ఐలేశం దగ్గరికి పోయి నిలబడ్డాడు. సుచరిత ఫోన్‌లో వీడియో మొదలుపెట్టింది.

"మీదికెల్లి కొట్టాల్నా అన్నా, కిందికెల్లి కొట్టాల్నా?" అన్నాడు ఐలేశం, పైపు గురిపెట్టి.

"వాన కిందికెల్లి వస్తదారా?"

"సముద్రంల అన్ని దిక్కులకెల్లి వస్తదంట గద!"

నీటి దెబ్బకు బెంజమిన్ తూలాడు. కోటు విప్పి చూస్తే చొక్కాకు చెమట తప్ప తడి లేదు.

"గిదేసుకుంటే వానకు సావం గని ఉడికి సస్తం," అన్నాడు.

వీడియో చూసిన ఇంగ్లండ్ పెద్దమనిషి కుట్టును మెచ్చుకున్నాడు. తర్వాత, ముందు పట్టీ మీద మెరుస్తున్నవి ఏమిటని అడిగాడు.

అవి ఇత్తడి రింగులు. పరదా అంచున వాటిని కొట్టి, వాటిలోంచి తాడు పోనిచ్చి లారీకి బిగిస్తారు. రింగు కొట్టని పరదా షాపు దాటదు. కోటు ముందు తాళ్లు కట్టుకోవడానికి కాజాలు కావాలని సుచరిత చెప్పింది గానీ ఎలాంటివో చెప్పలేదు. గ్రేస్ అడగలేదు. చేయి అలవాటుకొద్దీ సుత్తె అందుకుంది. గుడ్డకు రింగులు కొట్టడం ఓడదొంగల కాలానికి చాలా తర్వాత వచ్చిందట. కోటు పనికిరాదన్నాడాయన.

ఇంకోటి కుడితే నూనె ఆరేలోపు గడువు దాటిపోతుంది.

"రింగుల మీద గుడ్డ ముక్క కుట్టేద్దాం అక్కా. లోపలున్నయని ఎవరికి తెలుస్తది?" అంది సుచరిత.

"చిలుం పడ్తది మేడం. ఏడాదిల గుడ్డను తింటది," అంది గ్రేస్.

రింగులు ఊడదీయడానికి పట్టకారు వెతికింది.

"రింగులు లేనప్పుడు మీ నాయిన ఏం జేస్తుండె?" అంది మైసమ్మ.

సుతిలి తాడును చక్రంలా పేని, కన్నం చుట్టూ పెట్టి, దాని మీద ఒత్తుగా దారం చుట్టి కుట్టేవాడు. గ్రేస్ చిన్నప్పుడు ఆ దారానికి మైనం రాసింది.

"అది లేనోల్ల పని గదనే. రింగుల మిషను కొన్ననాడు ఇంట్ల కోడి గోసినం," అంది.

"ఓడదొంగలు గూడ లేనోల్లే ఉండె గావచ్చు!"

గ్రేస్ రింగులన్నీ ఊడబెరికింది. నూనె తాగి బిగుసుకున్న గుడ్డలో దబ్బణం దిగలేదు; మొనకు సబ్బు రాసి దించింది. మొదటి కాజా వంకర వచ్చింది. విప్పి మళ్లీ కుట్టింది. బొటనవేలు చీరుకుపోతే గుడ్డపీలిక చుట్టుకుని మిగతావి పూర్తిచేసింది. కొత్త దారానికి వేలితో నూనె అద్దింది. సాఫుగా, గుండ్రంగా వచ్చిన ఆ కాజాలను చూస్తే, అక్కడ ఎప్పుడైనా ఇత్తడి ఉండేదంటే నమ్మడం కష్టం. కోటు గడువులోపే వెళ్లింది.

ముసురు పట్టిన ఒక రోజు సుచరిత మళ్లీ వచ్చి ఫోటో చూపించింది. బూడిదరంగు సముద్రం ముందు, వానలో, నల్లకోటు తొడుక్కున్న పొడుగాటి మనిషి నవ్వుతున్నాడు. వాళ్ల గుంపంతటికీ కోట్లు కావాలట.

"ఎట్లున్నడు అక్కా?"

గ్రేస్ మనిషిని చూడలేదు. ఫోటో పెద్దది చేసి కాజాలు ఒక్కొక్కటే చూసింది.

"ఒక్క కాజా గూడ సాగలే. ముడే తప్పేసిండు. గాలికి ఊడిపోతది. వీడియో తియ్యి మేడం, సూపిస్త."

పందిరి గుంజకు తాడు వేసి, లారీవాళ్ల ముడి మెల్లగా కట్టి చూపించింది. వెనకాల, వీడియోలో పడేలా, మైసమ్మ కొత్త కాన్వాసు చుట్ట విప్పుతోంది.

"జర పక్కకు జరుగే, దొంగలు చూస్తరు," అంది గ్రేస్, ముడి బిగిస్తూ.