క్యాబిన్‌కి పిలిచిన ప్రశ్నలు

అది 1994. నాచారం పారిశ్రామికవాడలో, సంచుల్లో సరుకు నింపుతూ బరువు సరిపోగానే ఆపే ఎలక్ట్రానిక్ తూకం యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ విభాగం నా చేతిలో ఉండేది. ఉప్పల్ నుంచి స్కూటర్ మీద వెళ్ళేవాణ్ణి. విభాగమంటే ఒక హాలు, ఒక సర్వర్, దానికి కలిపిన టెర్మినల్స్, ఏడెనిమిది మంది మనుషులు. మూలన అద్దాల తలుపుతో నా క్యాబిన్.

ప్రోగ్రాం ఒక్కరు రాసేది కాదు. ఇవాళ నేనొక వరుస మారుస్తాను, రేపు ఇంకొకరు మారుస్తారు. ఎవరు ఏం మార్చారో పాత ప్రతులతో సహా దాచే సాఫ్ట్‌వేర్‌ను వెర్షన్ కంట్రోల్ అంటారు. ఏం మారిందో అది చెబుతుంది, ఎందుకు మారిందో చెప్పదు. ఆ ‘ఎందుకు’ను మేము గేటు బయట టీ బండి దగ్గర మాట్లాడుకునేవాళ్ళం, లోపలికి వచ్చేసరికి మరిచిపోయేవాళ్ళం. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటున్న నాకు అది వెలితిగా ఉండేది. అందుకే కొన్ని నెలలు కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్ లోపలే ఒక చర్చావేదిక కట్టాను. ఏ ఫైలు తెరిచినా దాని కిందే ప్రశ్నలు, జవాబులు కనిపిస్తాయి. ఎవరైనా రాయవచ్చు, రాసింది తీసేయవచ్చు. తీసేసినా పాత ప్రతిలో ఉండిపోతుంది. ఆ సంగతి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. జనరల్ మేనేజర్ గారు ఆ రోజు మిఠాయి తెప్పించారు.

సుజాత జనగామ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. లాలాపేటలో మేనమామ ఇంట్లో ఉంటూ మా దగ్గర టెస్టింగ్ చూసేది. ప్రొబేషన్ ముగియబోతోంది, ఉద్యోగం ఖాయం కావాలి. యంత్రం ఆన్ కాగానే తూకాన్ని సున్నాకి తెచ్చే ప్రోగ్రాం నేను రాసింది. దాని కింద ఒక రోజు ఆమె ప్రశ్న కనిపించింది. కరెంటు పోయి వచ్చేటప్పటికి సగం నిండిన సంచి తూకం మీదే ఉంటే, యంత్రం ఆ బరువునే సున్నా అనుకోదా అని.

నా పేరు కింద, అందరూ చదివేచోట. నా చెవులు వేడెక్కాయి. క్యాబిన్‌కి పిలిచాను.

“కరెంటు పోతే ఆపరేటర్ సంచి దించుతాడమ్మా. ఆ మాత్రం తెలీదా?”

“దించకపోతే సార్?”

“దించుతాడు. అయినా ఇలాంటివి ఇక్కడికి వచ్చి అడిగితే సరిపోతుంది కదా, అందరి ముందూ పెట్టడం దేనికి?”

ఆమె తలుపు దాకా వెళ్ళి ఆగింది. “తీసెయ్యమంటరా సార్?”

“నీ ఇష్టం.”

ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి అందులో ఇష్టం ఏముంటుంది? సీటుకి వెళ్ళి తీసేసింది. యంత్రాలు అలాగే బయటికి వెళ్ళాయి.

కొన్ని వారాలకు అన్నోజిగూడ దగ్గర పశువుల దాణా ఫ్యాక్టరీ నడిపే యాదిరెడ్డి గారు నేరుగా మా హాల్లోకే వచ్చారు. వెనకే జనరల్ మేనేజర్.

“ఏంది సార్ మీ మిషిన్? కరెంటు పొయ్యొచ్చినంక సంచి నిండినా ఆగుతలేదు. దాణా అంత నేల మీద పోస్తున్నది. మా ఊరి బర్లు మాత్రం మిమ్మల్ని మస్తు తారీఫ్ జేస్తున్నయ్!”

ఎవరూ నవ్వలేదు. బాగుచేసి ఇస్తామని ఆయన్ని పంపించాక జనరల్ మేనేజర్ సుజాత వైపు తిరిగారు.

“గింత చిన్నది టెస్టింగ్‌ల ఎట్ల తప్పిందమ్మా? నీ కన్ఫర్మేషన్ కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది. ఏమని సంతకం పెట్టాలె?”

ఒక్క కమాండ్ కొడితే పాత ప్రతి తెర మీదికి వస్తుందని ఆమెకు తెలుసు. కొట్టలేదు. నా వైపు చూడనూ లేదు. చూసి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

“ఆమె ముందే అడిగింది సార్. నేనే తీయించాను,” అన్నాను.

“యాడ అడిగింది? సూపియ్యి.”

టెర్మినల్ ముందు కూర్చున్నాను. అందరూ వెనక చేరారు. నేను రాసిన కమాండ్ ఒక్క ఫైలుతో ఆగదు, వేదిక మొత్తంలో తీసేసిన రాతలన్నీ చూపిస్తుంది. తొందరలో ఆ సంగతి తట్టలేదు. సుజాత ప్రశ్న వచ్చింది. దానితో పాటు మా హాల్లోనే పనిచేసే రమేశ్‌ది, ఖాదర్‌ది, మళ్ళీ ఖాదర్‌ది, ఇంకా మిగతావాళ్ళవి. అన్నీ నేను రాసిన ప్రోగ్రాంల కింద అడిగినవే. ఒక్కొక్కరినీ విడిగా క్యాబిన్‌కి పిలిచి మెత్తగా చెప్పి తీయించినవే. తననొక్కణ్ణే పిలిచారని ప్రతివాడూ అనుకుంటూ వచ్చాడు. నేనూ ప్రతిసారీ ఇదొక్కటే అనుకున్నాను.

“అరె, నీది గూడనా?” అన్నాడు ఖాదర్ రమేశ్‌తో, మెల్లగా.

తెర కదులుతూనే ఉంది. నా వేదికలో జరిగిన అసలైన చర్చ అంతా అదే. నేను మెచ్చుకుంటూ ఉంచినవి ‘చూశాను సార్’, ‘బాగుంది సార్’ మాత్రమే.

జనరల్ మేనేజర్ నన్నేమీ అనలేదు. సుజాత కాయితం మీద అప్పుడే సంతకం పెట్టి పంపారు. ఆయన వెళ్ళాక, తీసేసే సౌకర్యాన్ని సాఫ్ట్‌వేర్‌లోంచి ఎత్తేస్తానన్నాను.

“ఎత్తెయ్యాల్సింది అది గాదు సార్,” అన్నాడు ఖాదర్, నా క్యాబిన్ తలుపు వైపు చూస్తూ.

సాయంత్రం సుజాత వచ్చింది. ఆ తలుపు దగ్గరే ఆగింది, లోపలికి రాలేదు.

“ప్రశ్న మళ్ల పెట్టాల్నా సార్?”

“పెట్టమ్మా.”

“జవాబు గూడ అక్కడనే రాస్తరా?”

రాశాను. నువ్వు అడిగింది నిజం, తప్పు నాది అని, నా పేరుతో. అన్నేళ్ళ డైరీల్లో నాకు నేను ఎన్నో ఒప్పుకున్నాను. పదిమంది చదివేచోట ఆ రెండు మాటలు రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ప్రశ్న అడిగిన ప్రతిసారీ వాళ్ళకెంత ధైర్యం కావాల్సి వచ్చిందో అప్పుడు తెలిసింది.