శనివారం కొన్న నూనె

మే నెల, రెండో ఆదివారం, ఉదయం. కల్లూరులో మా ఇల్లు, వంటింటి వెనక వరండా.

హాజరైనవారు: నేను, నా భార్య, ముందురోజే కడప నుంచి వచ్చిన ఆమె అక్క, అంటే మా వదిన. ప్రహరీ గోడకు అవతల పక్కింటి భాయ్, ఆయన భార్య. గోడ అవతల నిలబడినవాళ్లను హాజరు కింద రాయవచ్చునా అని డైరీ ముందు కాసేపు ఆలోచించాను. జరిగినదాంట్లో వాళ్ల వాటా ఎక్కువ కాబట్టి రాశాను. మనుషులు కాక, తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు రెండు గంపలు.

ఏటా ఎండాకాలంలో అక్కాచెల్లెళ్లు కలిసి రెండిళ్లకూ సరిపడా మామిడికాయ ఊరగాయ పెడతారు. పెట్టేది మా ఇంట్లో. కారం, ఆవపిండి, మెంతిపిండి కడప నుంచి వస్తాయి. కాయలు, ఉప్పు, నూనె మావి. కాయలు కొట్టించిన రోజే కలపాలి. మర్నాటికి ఉంచితే ముక్కలు మెత్తబడి రంగు మారతాయి, అవతల పారేయవలసిందే.

పోయినేడు పెట్టిన ఊరగాయకు వినాయక చవితి నాటికి బూజు పట్టింది. ఇక్కడి జాడీకీ పట్టింది, కడప జాడీకీ పట్టింది. వదిన ఫోన్ చేసి, "కలిపింది నీ చెయ్యే కదమ్మా" అన్నది. అంతకంటే ఏమీ అనలేదు. కానీ ఆ మాట ఆ తర్వాత జరిగిన ప్రతి పెళ్లిలోనూ, గృహప్రవేశంలోనూ మాకంటే ముందు వచ్చి కూర్చున్నది. అంతకు ముందు మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఖాళీ డబ్బా వెంట తెచ్చుకునేవాళ్లు, ఊరగాయ పెట్టించుకుని పోవడానికి. తర్వాత డబ్బాలు తేవడం మానేశారు. నా భార్య ఎవరికీ జవాబు చెప్పలేదు. ఈ ఏడు మాత్రం ముక్కలు తుడవడానికి కొత్త తువ్వాళ్లు కొనిపించి, వాటిని ఉడుకునీళ్లలో వేసి ఉతికి, జాడీలతో పాటు మేడ మీద ఎండబెట్టింది. నన్ను మేడ మీదికి పోవద్దన్నది. ఈసారి కుదరాలని ఆమె నోటితో అనలేదు గానీ, నాకు తెలుసు.

ఇక నూనె దగ్గరికి రావాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంటి సరుకుల బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరూ ఇవ్వలేదు, తీసుకున్నాను. అరిగిన సబ్బు ముక్కను తడిపి కొత్త సబ్బుకు అతికిస్తే రెండూ ఒకటైపోతాయని అందరికీ తెలుసు. కొత్త సబ్బును కాగితం విప్పి కొన్నాళ్లు గాలికి ఆరనిస్తే గట్టిపడి, నీళ్లలో తొందరగా కరగదని కొందరికే తెలుసు. మా బీరువా మీద ఎప్పుడూ నాలుగు సబ్బులు ఆరుతూ ఉంటాయి. పేస్టు ట్యూబు చదునైపోయాక కత్తెరతో అడ్డంగా కోస్తే లోపల ఇంకా కొన్ని పూటలకు దొరుకుతుంది. గిన్నెలకు ఎండిన బీరకాయ పీచు వాడతాము. బట్టల పొడి డబ్బాలో పెద్ద స్పూను తీసి చిన్న స్పూను వేశాను. నా భార్య వీటిలో దేన్నీ వ్యతిరేకించలేదు. పెద్ద స్పూను మాత్రం రెండు రోజుల్లో మళ్లీ డబ్బాలోకి వచ్చింది.

సబ్బులతో మిగిలేది ఎంతని? ఖర్చంతా నూనెలో ఉంది. ప్యాకెట్ నూనె మా ఇంట్లో నడవదు. గానుగ ఆడించిన బుడ్డల నూనె కావాలి. వేరుశనగకాయలను మేము బుడ్డలంటాము. పోయిన దసరా ముందు ఒక శనివారం, మా వీధి చివర కొత్తగా పెట్టిన గానుగ అంగడి ముందు నుంచి పోతున్నాను. అంగడాయన గల్లా దగ్గర కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"ఏమప్పా, ఖాళీగా కూర్చోనుండావు?"

"శనివారం నూనె ఎవురు కొంటారు సార్? పొద్దున్నుంచి కరెంటాయన తప్ప పురుగు గూడా రాలే. ఆయన గూడా బిల్లు ఇచ్చేకి వచ్చినాడు."

"రేటు తగ్గిస్తే వస్తారేమో."

"తగ్గిస్తా. మీరు కొంటారా మరి?"

శనివారం నూనె, ఇనుము ఇంటికి తెచ్చుకోకూడదని మా వైపు అందరూ పాటిస్తారు. తెస్తే శని కూడా వస్తాడంటారు. నేనూ పాటిస్తాను. అయితే కూడదన్నది ఇంటికి తేవడాన్ని. కొనడం ఒకటి, ఇంటికి తేవడం ఒకటి. ట్రెజరీలో పనిచేసినవాడికి ఈ తేడా వివరించనక్కర్లేదు. బిల్లు పాసైన తేదీ వేరు, డబ్బు చేతికి వచ్చిన తేదీ వేరు. కాబట్టి శనివారం సాయంత్రం తగ్గించిన రేటుకు నూనె కొని, పక్కింటి భాయ్ వాళ్ల వసారాలో పెట్టి, ఆదివారం పొద్దున ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. భాయ్ ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. సామాను భద్రంగా దించడం ఆయనకు అలవాటే.

"ఫికర్ లేదు సార్," అన్నాడు. "మీ శని ఒక రాత్రి మా ఇంట్లో పండుకొని పోతే మాకేం బరువు?"

ఏడు నెలలకు పైగా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఊరగాయ పెట్టే ఆ ఆదివారం నూనె తెచ్చుకోవడానికి నాకు తీరలేదు. పొద్దున్నే మార్కెట్టుకు పోయి కాయలు కొట్టించుకుని వచ్చాను. రాగానే వదిన తువ్వాలు చేతికిచ్చి ముక్కల ముందు కూర్చోబెట్టింది. తుడవడం అయిపోయాక, చెప్పులేసుకుని వీధి గుమ్మం వైపు పోతుండగా, గోడ మీద నుంచి భాయ్ భార్య గొంతు వినపడింది.

"అక్కా, సార్ నిన్న పెట్టిపోయిన నూనె. ముక్కలు కలిపేకి ఆలస్యమైతాదని నేనే తెచ్చినా." రెండు డబ్బాలూ గోడ మీద పెట్టింది.

వదిన కారం కొలుస్తున్నది. చెయ్యి ఆపింది.

"నిన్ననా? నిన్న శనివారం కదా."

"అవును వదినా," అన్నాను.

"యాడికి పోతాండావు, రా ఇట్లా. శనివారం నూనె కొన్నావా?"

"కొన్నాను. ఇంటికి తేలేదు." పైన రాసిన తేడా అంతా ఆమెకు వివరించాను. బిల్లు సంగతి కూడా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది.

"శానా చదువుకున్నోడివప్పా. శనేశ్వరునికి గూడా రూలు చూపిస్తాండావే!"

"మా ఇంట్లో బాగనే చూసుకున్నాంలే అమ్మా," అన్నాడు గోడ అవతల నుంచి భాయ్.

"నువ్వు ఊరుకో," అన్నది ఆయన భార్య.

వదిన ముక్కల వైపు చూసింది, డబ్బాల వైపు చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"పోయినేటి ఊరగాయకు పోసింది గూడా శనివారం నూనేనా?"

నా భార్య ఆవపిండి గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. గిన్నె వైపే చూస్తున్నది.

పోయినేడు ఊరగాయ పెట్టింది మే నెలలో. నేను గానుగ అంగడి ముఖం మొదట చూసింది దసరాకు. పోయినేటి నూనె మా ఊరి పాతబస్తీలో, గురువారం నాడు, పూర్తి ధరకు కొన్నాను. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

"అవును వదినా," అన్నాను.

వదిన కారం గిన్నె కింద పెట్టేసింది. "అదీ సంగతి! ఏమి చెప్పమంటావే? నేను ఏడాదంతా ఈ పిల్ల చెయ్యి మంచిది కాదంటి. పాపం, నోరెత్తలేదు." ఈ పిల్లకు అరవై దాటాయి. వదిన అక్కడే కూర్చుని కడపలో కోడలికి ఫోన్ చేసింది. "బూజు ఎందుకు పట్టిందో తెలిసిందమ్మా. చిన్నత్త చెయ్యి కాదు. చిన్నమామ." తర్వాత ఆత్మకూరులో ఉన్న తన తమ్ముడికి చేసింది. అతను పగలబడి నవ్వడం ఫోనులోంచి మాకందరికీ వినపడింది. నా భార్య ఆవపిండి గిన్నెను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నది.

ఆమె చేతికి పడిన మచ్చ అట్లా పోయింది. కానీ నూనె నిలిచిపోయింది. శని ఉందని తేలిన నూనెను ఊరగాయలో పొయ్యడానికి వదిన ఒప్పుకోదు. గానుగ అంగడాయన ఆదివారం తెరవడు. ప్యాకెట్ నూనె తెస్తానంటే, "అది బండ్లకు పోసుకోపో" అన్నది. ఎండ వరండాలోకి వస్తున్నది. గంపల్ని రెండుసార్లు నీడకు జరిపాము. ఒక ముక్క తీసి చూస్తే అంచు అప్పటికే వాడుతున్నది. నా భార్య తువ్వాలు తడిపి, నీళ్లు పిండేసి, గంపల మీద కప్పబోయి, తడి తగిలితే బూజు పడుతుందని గుర్తొచ్చి, తీసేసింది. అంతసేపటికి మొదటిసారి మాట్లాడింది.

"అక్కా, ముక్కలు పోతాండాయి."

"ఉండు, ఆలోచిస్తాండా కదా." వదిన కళ్లు మూసుకుంది. తెరిచి నన్నడిగింది. "శనివారం నూనె తెచ్చుకోగూడదు. మరి ఇయ్యొచ్చా?"

"శనివారం నూనె దానం మంచిదే అంటారు."

"నువ్వు నిన్న ఎవురింట్లో పెట్టినావు?"

"భాయ్ వాళ్లింట్లో."

"ఇచ్చినట్లే. ఆ నూనె ఆయప్పది. నీది కాదు."

నూనె మీద నా హక్కు ఇట్లా ముగిసింది. వదిన గోడ వైపు తిరిగింది.

"ఏం నాయనా, నీ నూనె అమ్ముతావా? ఈ పొద్దు ఆదివారం."

భాయ్ నా వైపు చూశాడు. నేను ఏ సంజ్ఞా చెయ్యలేదు.

"అరెరె, దుడ్లు ఏమిటికమ్మా? ఊరికే తీసుకోండి."

"ఊరికే తీసుకుంటే అప్పనంగా వచ్చిన నూనె. అదింకా దోషం. కొనాల. పూర్తి రేటుకు కొనాల. బేరం చేసేది లేదు," అన్నది. ఈ చివరి మాట నన్ను చూసి.

లోపలికి పోయి డబ్బు తెచ్చాను. అంగడిలో శనివారం ధర ఒకసారి కట్టాను, గోడ దగ్గర ఆదివారం ధర ఒకసారి కట్టాను. దసరా నుంచి మిగిల్చింది దీనికి దాదాపు సరిపోయింది. భాయ్ రెండు చేతులా తీసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, టోపీలో పెట్టుకున్నాడు. నూనె చేతి నుంచి చేతికి అందించకూడదు కాబట్టి ఆయన భార్య డబ్బాలను గోడ మీద నుంచి ఒకసారి తమ వైపు దించి, మళ్లీ గోడ మీద పెట్టింది. ఈసారి అమ్మకం కింద. నేను దించుకున్నాను.

వదిన చేతులు తుడుచుకుని వెనక్కి జరిగి కూర్చున్నది.

"నువ్వే కలుపే," అన్నది చెల్లెలితో.

"నువ్వు కలుపక్కా."

"నీ చేతికేమైంది? కలుపు."

నా భార్య గాజులు మోచేతి వైపు తోసుకుని పెద్ద బేసిన్‌లో ముక్కలు పోసింది. ఉప్పు, కారం, పిండ్లు, వెల్లుల్లి వేసి, నూనె పోస్తూ అడుగు నుంచి పైకి తీసి తీసి కలిపింది. చివర ఒక ముక్క అక్క నోట్లో పెట్టింది. వదిన నమిలి, ఉప్పు ఇంకొంచెం పడుతుందన్నది. అది ప్రతి ఏడూ అంటుంది.

మర్నాడు సోమవారం. కాఫీలు కాకముందే ఇద్దరూ జాడీ గుడ్డలు విప్పి చూశారు. ముక్కల మీద నూనె తేలి నిలబడి ఉంది. వదిన వంగి వాసన చూసి, "కుదిరిందిలే" అన్నది. తన జాడీకి మళ్లీ గుడ్డ కట్టించుకుంది. ఆమెను కడప బస్సు ఎక్కించి వచ్చాను. జాడీ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. కండక్టరు కింద పెట్టమన్నా వినలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి భాయ్ గుమ్మంలో ఉన్నాడు. నిన్నటి డబ్బు నా చేతికివ్వలేదు. "అమ్మా, ఇది మీది" అని నా భార్యకిచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా పోయాడు. ఆమె దాన్ని పోపుల డబ్బాలో ఆవాల కింద పెట్టి, నాకు కాఫీ ఇచ్చింది.

"మీరు శనివారాలు మొదలుపెట్టింది దసరాకు కదా?"

"ఎవరు చెప్పినారు?"

ఆమె గోడ వైపు చూసింది. "పక్కింటామె దసరాకే చెప్పింది."

నేను కాఫీ తాగాను. "మరి నిన్న నువ్వేమీ అనలేదే."

"పెద్దోళ్లు మాట్లాడతాంటే మధ్యలో మనమెందుకు?" జాడీని ఎత్తుగా ఉన్న గూట్లో పెట్టమన్నది. పెట్టాను. ఇంకొంచెం లోపలికి జరపమన్నది. జరిపాను.

"ఈ శనివారం ఒక డబ్బా ఎక్కువ తెండి," అన్నది. "అక్కకు నచ్చింది. ఆదివారం కొన్నదని చెప్పి పంపుతా."