గంపలోని గంధం

ఆ రోజు ఏ పని మీద వెళ్తున్నానో గుర్తులేదు గానీ ఆ గంప మాత్రం గుర్తుంది. సామర్లకోటలో ప్యాసింజరెక్కిన తల్లీకూతుళ్ళు నా ఎదుట కూర్చున్నారు. తల్లి కాళ్ళ దగ్గర ఎండుచేపల గంప, కూతురి ఒళ్ళో సంస్కృత వ్యాకరణం.

వాళ్ళ పక్కాయన బండంతా తనదే అన్నట్టు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఒళ్ళంతా కంపేనమ్మా! వెళ్ళి తలుపు దగ్గర నిలబడు," అన్నాడు.

అలవాటైన మాటేనేమో, ఆవిడ గంపెత్తుకుని లేవబోయింది. కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

"సంస్కృతంలో ఏ వాసనైనా గంధమేనండి. పువ్వుకి వాసన పుట్టుకతో ఉంటుంది కాబట్టి దాన్ని 'సుగంధి' అంటారు. అత్తరు అమ్మేవాణ్ణి 'సుగంధి' అనకూడదు, 'సుగంధ' అనే అనాలి. ఆ వాసన సరుకుదండి, మనిషిది కాదు. మా అమ్మకైనా అంతేనండి. కూర్చోమ్మా."

రుమాలు జేబులోకి వెళ్ళిపోయింది. ఆయన కిటికీ వైపు జరిగాడు.

తల్లి గంప దించి, వీపు పూర్తిగా ఆనించి కూర్చుంది. తలుపు దాకా నిలబడ్డ జనాన్ని ఓసారి చూసి, కూతుర్ని మోచేత్తో పొడిచింది.

"ఇంకోసారి చెప్పవే, గట్టిగా. అక్కడున్నోళ్ళకి ఇనపళ్ళేదు."